తవిటయ్య కట్టిన వెల

అనగనగా అంటే మరీ రాజులూ రథాలూ ఉన్న కాలం కాదు. ముందు ఎద్దుబండి పోతూ ఉంటే, వెనక వచ్చే మోటారుబండి ఓపిగ్గా ఆగవలసిన కాలం. అప్పుడు కొండలు దిగి మైదానం మొదలయ్యే చోట నందివలస అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో తవిటయ్య అని ఒక మనిషి ఉండేవాడు. పాత బళ్ళకు వెలకట్టడం అతని పని.

ఎవరైనా పాత లారీ కొనాలన్నా, మూలపడిన జీపు అమ్మాలన్నా ముందు తవిటయ్యను పిలిచేవారు. అతను వచ్చి, చూసి, ఇంత అని చెప్పేవాడు. ఆ మాట మీదే అమ్మేవాడు అమ్మేవాడు, కొనేవాడు కొనేవాడు. బేరం తెగాక తన కూలి తాను పుచ్చుకుని, సైకిలెక్కి ఇంటికి పోయేవాడు.

ఆ వైపు పెద్ద వెలలన్నీ పాడిగేదెల లెక్కన చెప్పుకునేవారు. ఎకరం మెట్ట ఇన్ని గేదెలు, పెంకుటిల్లు ఇన్ని గేదెలు అని. రూపాయి విలువ ఏటేటా మారుతుంది గానీ గేదె ఎప్పుడూ గేదే కదా అని వాళ్ళ నమ్మకం. తవిటయ్య కూడా ఆ లెక్కనే చెప్పేవాడు.

అతనికి ఒక నియమం ఉండేది. ఏ బండినైనా మూడుసార్లు చూడనిదే వెల చెప్పడు. చల్లగా ఉండగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి, దారి మీద ఒకసారి. చల్లగా ఉన్న బండి తన గొప్పలు చెబుతుందనీ, వేడెక్కితే తన జబ్బులు చెబుతుందనీ, దారెక్కితే తన గుణం చెబుతుందనీ అనేవాడు.

వందల బళ్ళు అతని చేతుల మీదుగా పోయాయి. ఒక్కదాని మీదా అతనికి మనసు పడలేదు. అతని మనసు ఎప్పుడో ఒకచోట పడిపోయి, అక్కడే ఉండిపోయింది.

అది ముప్ఫై అయిదేళ్ళ కిందటి మాట. అప్పుడు తవిటయ్యకు పంతొమ్మిదేళ్ళు. కొండదారి మొదట్లో ఒక కొలిమిలో తిత్తి ఊదేవాడు. ఒకనాడు వాన వెలిసిన మధ్యాహ్నం, పైనుంచి ఏదో చప్పుడు దిగుతూ వచ్చింది. అలాంటి చప్పుడు అతను అంతకుముందు వినలేదు. గుండె మీద చెయ్యి వేసుకుంటే తెలిసే చప్పుడులా ఉంది. మలుపు తిరిగి ఒక మోటారుసైకిల్ కనపడింది. ముదురాకుపచ్చ రంగు, టాంకు మీద వెంట్రుకంత సన్నని బంగారు గీతలు. దాని మీద పశువుల డాక్టరు జోగినాథం గారు. అది సీమ నుంచి ఓడ మీద వచ్చిన బండి. కాఫీ తోటల దొర ఒకడు తిరిగి తన దేశం పోతూ డాక్టరుగారికి అమ్మేశాడు.

కాలితో తొక్కే మీట ఒకటి వంగిపోయిందనీ, సరిచేయమనీ డాక్టరుగారు కొలిమి ముందు ఆగారు. మేస్త్రీ మీటను కాల్చి సరిచేస్తున్నంతసేపూ, బండి పడిపోకుండా పట్టుకునే పని తవిటయ్యకు పడింది. చేతుల కింద అది ఇంకా వెచ్చగా ఉంది. అయ్యా, ఒక్కసారి ఎక్కనా అని అడగాలనుకున్నాడు. మాట గొంతు దాకా వచ్చింది, నాలుక దాటలేదు. మసి బట్టల మనిషికి అంత మాట ఎలా వస్తుంది? మీట సరి అయింది. డాక్టరుగారు కొలిమికి దండం పెట్టినట్టు తల వంచి, వెళ్ళిపోయారు.

ఆ మర్నాడే తవిటయ్య తిత్తి వదిలేసి, మోటారు పని నేర్చుకోవడానికి పోయాడు. కొలిమి మేస్త్రీ తిట్టాడు. ఇంట్లోవాళ్ళు నవ్వారు. ఎందుకు పోయాడో అతను ఎవరికీ చెప్పలేదు.

పని నేర్చుకుని తిరిగి వచ్చి, నందివలసలోనే స్థిరపడ్డాడు. నీలమ్మ అనే మంచి పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. కానీ డాక్టరుగారి బండి ఎన్నడూ అతని దగ్గరకు రాలేదు. డాక్టరుగారు తన బండికి తానే మరమ్మతు చేసుకునేవారు. పరాయి చెయ్యి పడనిచ్చేవారు కాదు. ఆ చప్పుడు వీధిన పోతున్నప్పుడు తవిటయ్య చేతిలో పని ఆపి నిలబడేవాడు. అది వినపడనంత దూరం పోయాక మళ్ళీ వంగేవాడు. నెలనెలా పోస్టాఫీసులో కొంత దాచేవాడు. ఎందుకని నీలమ్మ అడిగితే, ఊరికే, ఎప్పటికైనా పనికొస్తుందని అనేవాడు. అలా నాలుగు గేదెల పాటి సొమ్ము కూడింది. అంతలో డాక్టరుగారు పోయారు. వీధిలో ఆ చప్పుడూ పోయింది.

ఆరేళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం పొద్దున డాక్టరుగారి భార్య సూరీడమ్మ నుంచి కబురు వచ్చింది. బండి అమ్మదలుచుకున్నాను, వచ్చి వెల చెప్పమని.

తవిటయ్య ఆ మాట విని, కాళ్ళు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. బండి చూడడానికి ఉతికిన చొక్కా ఎందుకని నీలమ్మ అనుకుంది గానీ, పైకి అడగలేదు.

సూరీడమ్మ అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉండేది. పెరట్లోని పశువుల పాకకు అతన్ని తీసుకుపోయింది. పాకలో పశువు లేదు. గోనెపట్టాల కింద బండి ఉంది. తన భర్త మంచాన పడేముందు పెట్రోలంతా ఒంపేసి, టాంకు లోపల నూనె పట్టించి పెట్టారని చెప్పింది. ఎందుకో తెలియకపోయినా తాను వారం వారం దాన్ని తుడుస్తూనే ఉన్నానంది. ఇప్పుడు ఈ పాకలో గేదెల్ని కట్టాలని ఉందట. పాలు అమ్ముకుని, ఒకరి మీద ఆధారపడకుండా బతకాలని ఉందట. దళారీ గవర్రాజు వచ్చి, పాత ఇనుము కాబట్టి ఒక గేదె పాటి ఇస్తానన్నాడట.

"నాకు ఈ లెక్కలు తెలియవు తవిటయ్యా. నువ్వు ఎంతంటే అంత" అంది సూరీడమ్మ.

ఆమె పట్టాలు తీసింది. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత తవిటయ్య మళ్ళీ ఆ బండి ముందు నిలబడ్డాడు. కాసేపు చెయ్యి వేయలేకపోయాడు.

తర్వాత పని మొదలుపెట్టాడు. ఇంజను మీది నంబరు మీద సుద్ద రుద్ది చదివాడు. ఫ్రేము మీది నంబరు చదివాడు. కాగితాల్లో చూశాడు. మూడూ ఒక్కటే. అంటే పుట్టినప్పుడు ఏ ఇంజనుతో పుట్టిందో ఇప్పటికీ అదే ఇంజను. రంగు మళ్ళీ వేసింది కాదు. గీతలు చేత్తో గీసినవి, ఒకచోట గీసినవాడి చెయ్యి కాస్త వణికిన గుర్తు కూడా ఉంది. సీటు తోలు చిట్లింది గానీ అసలుదే. టాంకులో తుప్పు లేదు. ఇన్నేళ్ళ తన పనిలో, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్న బండిని అతను చూడలేదు.

ఇది మొదటి చూపనీ, ఇంకా రెండున్నాయనీ చెప్పి బయటపడ్డాడు.

వీధి మలుపులో గవర్రాజు కాచుకుని ఉన్నాడు. మెల్లగా పక్కన నడుస్తూ మాట కలిపాడు. సముద్రం ఒడ్డు పట్నంలో సోమలింగం గారని ఓడల వ్యాపారి ఉన్నాడనీ, పాత మోటారుసైకిళ్ళంటే ఆయనకు ప్రాణమనీ, ఎంతైనా పెడతాడనీ చెప్పాడు. తవిటయ్య ఆ ముసలమ్మతో ఒక్క గేదె అంటే చాలట. తాను కొని, అక్కడ అమ్మి, వచ్చిందాంట్లో సగం తెచ్చి చేతిలో పెడతాడట.

"నీ మాటే కదన్నా, ఊరంతా నమ్మేది. ఆ నమ్మకాన్ని ఇన్నాళ్ళూ ఊరికే ఉంచుకున్నావు. ఇప్పుడు వాడుకో" అన్నాడు గవర్రాజు.

తవిటయ్య తాను ఇంకా వెల కట్టలేదని మాత్రం అని, సైకిలెక్కాడు. కాదని గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదని దారంతా అనుకున్నాడు. సగం మీద ఆశ పడి కాదు. సోమలింగం పేరు వినగానే, ఈ బండి దూరం వెళ్ళిపోతుందన్న దిగులు అతని నోరు నొక్కేసింది.

మర్నాడు బస్సెక్కి పట్నం వెళ్ళాడు. వస్తువు వెల సగం వస్తువులో ఉంటే, సగం కొనేవాడి కోరికలో ఉంటుందని అతనికి తెలుసు. అలాంటి బళ్ళు ఈమధ్య ఎంతకు పోయాయో తెలియనిదే వెల చెప్పడం గాలిలో రాయి విసరడం.

పట్నంలో మూడుచోట్ల అడిగాడు. ఒక మరమ్మతు కొట్టులో అడిగితే, ఇదే జాతి బండి, నంబర్లు కలవనిది, రంగు మార్చింది, పోయినేడు ఇరవై గేదెల పాటికి పోయిందన్నారు. రేవు దగ్గర వేలం వేసేవాణ్ణి అడిగితే, నంబర్లు కలిసినా ఇంజను కదలనిది ఒకటి ముప్ఫైకి పోయిందన్నాడు. మూడోవాడు సోమలింగం గారి బళ్ళు చూసే డ్రైవరు. రంగూ నంబరూ ఇంజనూ అన్నీ అసలువైతే, నడిచే బండికి తమ యజమాని నలభై దాకా ఆలోచించకుండా ఇస్తారన్నాడు.

తవిటయ్య ఒక సంగతి గమనించి సిగ్గుపడ్డాడు. ప్రతిచోటా వెల తక్కువ వినపడితే బాగుండునని చెవి ఒగ్గాడు. వెలకట్టేవాడిలా కాదు, కొనేవాడిలా. ఇరవై అన్నప్పుడు ప్రాణం లేచి వచ్చింది. నలభై అన్నప్పుడు ఉసూరుమంది. తన దగ్గర ఉన్నది నాలుగు.

రెండో చూపుకు అతను కొత్త పెట్రోలు, కొత్త ఆయిలు పట్టుకుని వెళ్ళాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. గొట్టాలు ఊది చూశాడు. పొద్దు బారెడెక్కే సరికి అంతా సిద్ధమయింది. ఒకసారి కిక్కు కొట్టాడు. బండి దగ్గింది. రెండోసారి కొట్టాడు. మూలిగింది. మూడోసారికి అందుకుంది.

ఆ చప్పుడు పాకలో నిండి, పెరట్లోకి పోయి, ఇంటిలోకి పోయింది.

సూరీడమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతులకు పిండి ఉంది. పాక గడప దగ్గరే ఆగిపోయి, స్తంభం పట్టుకుని నిలబడింది. తవిటయ్య ఆమె వైపు చూసి తల తిప్పుకున్నాడు. తన కళ్ళు కూడా అలాగే ఉన్నాయని అతనికి తెలుసు. ఒకే చప్పుడు. ఆమెకు ఒక మనిషి రాక వినపడుతోంది. అతనికి తన పంతొమ్మిదో ఏడు వినపడుతోంది.

కాసేపటికి ఆమె నెమ్మదిగా అంది. "రోజూ సాయంత్రం పొయ్యి మీద ఎసరు పెట్టాక ఇది వినపడేది. వినపడగానే బియ్యం పోసేదాన్ని."

తవిటయ్య ఇంజను బాగా వేడెక్కనిచ్చి, వంగి చూశాడు. అప్పుడు కనపడింది. ఇంజను కింది భాగంలో, రెండు ముక్కలు కలిసే చోట, వెంట్రుకంత పగులు. చల్లగా ఉన్నప్పుడు కనపడదు. వేడికి అందులోంచి నూనె చెమటలా పడుతోంది. ఎప్పుడో రాయి తగిలి పగిలితే డాక్టరుగారు ఏదో మందు పూసి ఆపినట్టున్నారు. తెలిసి చూస్తే తప్ప ఎవరికీ దొరకదు.

సూరీడమ్మ కళ్ళు తుడుచుకుని, తనకు రెండు గేదెలు వస్తే చాలునంది. అంతకంటే ఆశపడితే ఆయన బండిని తాను సంతలో పెట్టినట్టుంటుందంది.

రెండు గేదెలు. తవిటయ్య దగ్గర నాలుగున్నాయి. అబద్ధం ఆడనక్కర్లేదు. మోసం చేయనక్కర్లేదు. ఊరికే తల ఊపితే చాలు. ఆమె అడిగింది ఆమెకు దక్కుతుంది, పైన ఇంకో రెండు కూడా ఇవ్వవచ్చు. తనకు కావలసింది తనకు దక్కుతుంది. లోకంలో ఎవరికీ ఏమీ పోదు.

అతని తల ఊగబోయింది. ఊగకముందే లేచి నిలబడి, ఇంకొక చూపు ఉందని చెప్పి వచ్చేశాడు.

ఇంటి దగ్గర నీలమ్మ అన్నం పెడుతూ ఏం చెప్పావని అడిగింది. ఇంకా చెప్పలేదన్నాడు.

"ఏ బండికీ నువ్వు ఇన్ని రోజులు తీసుకోలేదు" అంది నీలమ్మ. అంతే అంది. పోస్టాఫీసు పుస్తకం ఎందుకో, ఉతికిన చొక్కా ఎందుకో ఆమెకు అప్పటికి తెలిసిపోయింది. పో, తెచ్చుకో అనలేదు. వద్దనీ అనలేదు. తవిటయ్య కంచంలో అన్నం సగం వదిలేశాడు.

మూడో చూపు రోజు వచ్చింది. ఈసారి బండిని దారి మీద నడిపి చూడాలి.

సూరీడమ్మ తానే బండిని వీధి గుమ్మం దాకా తోయడానికి సాయం పట్టింది. పొద్దుటి ఎండ టాంకు మీద పడి బంగారు గీతలు మెరిశాయి. తవిటయ్య హ్యాండిల్ మీద చేతులు వేశాడు. అంతలో ఆమె, తాను రెండు రోజులుగా ఆలోచించానంది. ఆ గవర్రాజుకు ఇవ్వడం తనకు ఇష్టం లేదంది. మొన్న ఆ బండి దగ్గర వంగి చూస్తున్నప్పుడు తవిటయ్య ముఖం తాను చూశానంది.

"ఎక్కి నడిపి చూడు తవిటయ్యా. నచ్చితే ఆ రెండు గేదెల వెలకు నువ్వే ఉంచుకో. ఈ ఊళ్ళోనే ఉంటే అప్పుడప్పుడూ నాకూ వినపడుతుంది."

చూశారా, ఆశ ఎన్ని వేషాలు వేసుకుని వస్తుందో. మొదట దళారీ వేషంలో వచ్చింది. తర్వాత మౌనం వేషంలో వచ్చింది. ఇప్పుడు దయగల తల్లి వేషంలో వచ్చింది. మొదటి రెండింటినీ గుర్తుపట్టడం సులువు. దీన్ని గుర్తుపట్టడమే కష్టం.

తవిటయ్య ఒక కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు దించాడు. ఈ ఒక్క బండికి మాత్రం తన నియమం పనికిరాదని అతనికి అర్థమయింది. ఒక్కసారి ఎక్కాడంటే ఇక నిజం నోటికి రాదు. అందుకని ఎక్కకుండానే బండిని నిలబెట్టి, గుమ్మం ముందు నేల మీద చతికిలబడి కూర్చున్నాడు.

"అమ్మగారూ, దీని వెల రెండు గేదెలు కాదు. నలభై. ఇంజను కింద సన్నని పగులుంది, దానికి నాలుగు తీసేయాలి. ముప్ఫై ఆరు. ఒక్కటి తక్కువైనా ఇవ్వకండి, నాకైనా సరే."

సూరీడమ్మకు ఆ మాట చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు. మళ్ళీ చెప్పమంది. అతను చెప్పాడు. పట్నంలో ఎవరెవరు ఏమన్నారో చెప్పాడు. గవర్రాజు తనతో అన్న మాటా చెప్పాడు. తర్వాత తల వంచుకుని, ముప్ఫై అయిదేళ్ళుగా నీలమ్మకు కూడా చెప్పనిది చెప్పాడు. కొలిమి ముందు బండి పట్టుకున్న సంగతి, పోస్టాఫీసులో నాలుగు గేదెల పాటి దాచిన సంగతి, మొన్న తల ఊపబోయిన సంగతి.

సూరీడమ్మ వచ్చి అతని ఎదురుగా గడప మీద కూర్చుంది.

"ఆయన్ని ఎప్పుడైనా అడిగావా, ఒక్కసారి ఎక్కుతానని?"

"లేదమ్మా."

"అడిగి ఉంటే ఇచ్చేవారు" అందామె.

తవిటయ్యకు ఆ మాట ముల్లులా దిగింది. అడ్డుగోడ అనుకున్న చోట ఎప్పుడూ తలుపే ఉందని, ముసలితనం మొదలయ్యాక తెలిసింది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆ మాటను అలాగే మోసుకుని ఇంటికి వెళ్ళాడు.

సూరీడమ్మ మంచిదే. కానీ ముప్ఫై ఆరు గేదెల ఆస్తిని వదులుకోగల స్థితిలో ఆమె లేదు. మూడు రోజులు ఆలోచించి, నన్ను క్షమించు తవిటయ్యా, సోమలింగం గారికే కబురు చేయమంది. క్షమించడానికి ఏముందని తవిటయ్య తానే ఉత్తరం రాశాడు. దానితో బాటు ఒక కాగితం మీద బండి గుణాలన్నీ రాశాడు. గుణాల కింద పగులు సంగతి రాశాడు. అది ఏ వైపు, ఎంత పొడవు, ఎంత వేడెక్కితే కనపడుతుందో కూడా రాశాడు.

ఈ కాగితం సంగతి తెలిసి గవర్రాజు నెత్తి కొట్టుకున్నాడు. ఎవడికీ కనపడని పగులును తనంత తానే చూపించే వెర్రివాడు ఉంటాడా అని సంతలో నలుగురికీ చెప్పి నవ్వించాడు.

సోమలింగం గారు వచ్చారు. పొట్టిగా, తెల్లబట్టల్లో, తక్కువ మాట్లాడే మనిషి. వెంట తన మేస్త్రీని తెచ్చుకున్నారు. మేస్త్రీ బండిని చల్లగా ఉండగా చూశాడు. నడిపి వేడెక్కించి చూశాడు. నేల మీద పడుకుని, అద్దం పెట్టి కింద చూశాడు. లేచి వచ్చి, యజమాని చెవిలో పగులుందని చెప్పాడు.

సోమలింగం గారు జేబులోంచి కాగితం తీసి మేస్త్రీకి చూపించారు. మేస్త్రీ చదివి, అద్దం సంచిలో పెట్టేసుకున్నాడు.

"నేను చాలా బళ్ళు కొన్నాను. గొప్పలు రాసిన కాగితాలు నా దగ్గర కట్టలున్నాయి. అమ్మేవాడి వైపు నుంచి లోపం రాసి వచ్చిన కాగితం ఇదొక్కటే" అన్నారాయన. ముప్ఫై ఆరుకు ఒక్కటి తగ్గించమని అడగలేదు. అక్కడే సొమ్ము సూరీడమ్మ చేతిలో పెట్టారు. ఇకమీదట తాను ఏ బండి కొనాలన్నా తవిటయ్య చూసి చెప్పాకే కొంటానని కూడా అన్నారు.

బండిని పట్నానికి చేర్చడానికి లారీ వచ్చి ఉంది. కూలీలు తాళ్ళు తీశారు. అప్పుడు సూరీడమ్మ అడ్డుగా వచ్చి నిలబడింది.

"చచ్చిన గొడ్డును ఎత్తినట్టు లారీలో ఎత్తించనయ్యా. అది తన చక్రాల మీద తాను ఈ ఊరు దాటాలి. తవిటయ్య నడుపుతాడు."

సోమలింగం గారు ఆమె ముఖమూ చూశారు, తవిటయ్య ముఖమూ చూశారు. సరేనన్నారు.

పట్నం అరవై మైళ్ళు. తవిటయ్య బండెక్కాడు. మూడో చూపు అప్పటికి మిగిలే ఉంది.

మొదటి మైలు భయంతోనే గడిచింది. చేతులు బిగుసుకుపోయాయి. తర్వాత దారి సాఫీగా వచ్చింది, బండి తన నడక తాను అందుకుంది, అతని చేతులు వదులయ్యాయి. జీడిమామిడి తోటలు దాటాయి. తాటితోపులు దాటాయి. పొలాల్లో మనుషులు నడుము ఎత్తి చూశారు. బండి గుణం అతను ఊహించినదానికంటే మెత్తనిది. ఎత్తు ఎక్కేటప్పుడు నసగదు, దిగేటప్పుడు తొందరపడదు. డాక్టరుగారి లాంటిదే అనుకున్నాడు. ఎంత మెల్లగా నడిపినా మైలురాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. అంత దగ్గర దగ్గరగా ఎవరు పాతారా అనిపించింది.

నడిమధ్యలో ఒక కాలువ వంతెన దగ్గర ఆపి దిగాడు. పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. దారి మీద ఎవరూ లేరు. ఆ కాసేపు అది అతనిదే. ఈ క్షణానికి వెల ఎంత అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాడు. అన్ని బళ్ళకు వెల చెప్పినవాడు.

తర్వాత లేచి, కిక్కు కొట్టాడు. ఉప్పుగాలి తగిలే వేళకు పట్నం చేరాడు. బండినీ కాగితాలనూ అప్పగించి, మడిచిన బట్టతో టాంకు మీది దుమ్ము ఒకసారి తుడిచి, బస్సెక్కి ఇంటికి వచ్చాడు. బస్సులో కూర్చున్నంతసేపూ అరచేతులు అదురుతూనే ఉన్నాయి.

నీలమ్మ మంచినీళ్ళిచ్చి, ఆశ తీరిందా అని అడిగింది.

"తీరలేదే. ఇంకా పెరిగింది" అన్నాడు తవిటయ్య. నీలమ్మ నవ్వలేదు. పక్కన కూర్చుంది.

సూరీడమ్మ పన్నెండు గేదెలు కొని పాక పొడిగించింది. మిగిలిన సొమ్ముతో పచ్చిమేతకు చేను కొంది. పొద్దు పొడిచేసరికి ఆమె పాలు ఊరంతా పోసేది. తవిటయ్యకు ఒక గేదెను ఇవ్వబోతే అతను వద్దని, మామూలు కూలి మాత్రం తీసుకున్నాడు. పోస్టాఫీసులో దాచింది తీసి, వానలు పడకముందే ఇంటికి పెంకు వేయించాడు. సోమలింగం గారి మాట పట్టుకుని దూరదూరాల నుంచి బళ్ళు వచ్చాయి. చేతులు చాలనంతగా పని పెరిగింది. ఆకుపచ్చ బండి ఇంకొకటి మాత్రం ఏ వైపు నుంచీ రాలేదు. అతను ఎదురు చూడడం మానలేదు.

రెండేళ్ళకు ఒక పొద్దున తవిటయ్య గుమ్మంలో గవర్రాజు నిలబడి ఉన్నాడు. చేతిలో గొడుగు తిప్పుతూ, ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు ఎండల గురించి మాట్లాడాడు. చివరకు సంగతి బయటపెట్టాడు. పక్క ఊళ్ళో ఒక పాత లారీ ఉందట. దాన్ని కొనాలనుకుంటున్నాడట. వచ్చి చూసి, ఎంత పెట్టవచ్చో చెప్పాలట.

వెల నీకు తెలియనిదా, నువ్వే దళారీవి కదా అన్నాడు తవిటయ్య.

గవర్రాజు గొడుగు తిప్పడం ఆపాడు. "ఇంకొకరికి అమ్మడానికైతే నేనే చెప్పుకునేవాణ్ణన్నా. ఇది నాకోసం కొనుక్కుంటున్నాను. ఉన్నదంతా దీంట్లోనే పెడుతున్నాను. అందుకే నీ దగ్గరకు వచ్చాను."

తవిటయ్య ఒక్క మాటా ఎత్తిపొడవలేదు. సుద్దముక్క జేబులో వేసుకుని, సైకిలు తీశాడు.

కనుక పిల్లలూ, తాను కోరుకున్న వస్తువుకు కూడా సరైన వెల చెప్పగలవాడి మాటకు వెల లేదు.